లజ్జాపూర్వక సత్కారం

మా తూరుపులంకలో తాగి బండి నడిపేవాళ్లకి శిక్షలు తీసేసి సన్మానాలు ఎలా మొదలుపెట్టారో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. చెప్పేవాళ్లలో ఒక్కడూ ఆ వేదిక మీద లేడు. నేనున్నాను, మైకు ముందు. అంచేత నేను చెప్పింది వినండి, మధ్యలో అడ్డు రాకండి.

నా పేరు కామేశం. పురపాలక సంఘం ఆఫీసులో ఉద్యోగం. ఏం ఉద్యోగమని అడిగితే చెప్పడం కష్టం, ఎందుకంటే ఊళ్లో ఏ మీటింగు జరిగినా వ్యాఖ్యాతగా నన్నే లాక్కెళ్తారు. సన్మానపత్రం రాసేది నేను, చదివేది నేను, దండ అందించేది నేను, ‘చప్పట్లు ఇంకా గట్టిగా’ అని అడుక్కునేది నేను. ఇన్నేళ్లలో నా భుజం మీద ఒక్క శాలువా కప్పిన నాథుడు లేడు. సరే, ఆ గొడవ ఇప్పుడొద్దు.

మా రహదారి భద్రతా సంఘానికి అధ్యక్షులు త్రివిక్రమరావు గారు. డివిజన్ మొత్తానికి పెద్ద అధికారి. చాలా మంచివారు, అంటే ఫైలు మీద సంతకం పెట్టేముందు చదువుతారు. ఆ మధ్య ఆయన్ని ఏదో చల్లటి ఊరికి శిక్షణకి పంపించారు. శిక్ష వల్ల మనిషి మారడని, గౌరవం వల్లే మారతాడని అక్కడ బొమ్మలు వేసి మరీ చూపించారట. ఆయన తిరిగి రాగానే మీటింగు పెట్టారు.

“మిత్రులారా, శిక్ష అనునది పాతకాలపు మనస్తత్వము,” అన్నారు. ఆయన మామూలుగా మనలాగే మాట్లాడతారు. అధ్యక్ష కుర్చీలో కూచుంటే మాత్రం ఇలా వస్తుంది. “తాగి వాహనము నడిపినవానిని కోర్టుకు పంపితిమి. ఏమైనది? లైసెన్సు లాగుకొంటిమి. ఏమైనది? లైసెన్సు లేకుండా నడుపుచున్నాడు. కనుక లోపము వాని అంతరంగమునందున్నది. అంతరంగమును తాకు సాధనము సిగ్గు ఒక్కటే. నలుగురిలో నిలబెట్టి, పూలదండ వేసి, శాలువా కప్పి, ‘అయ్యా, తమవంటివారు మా ఊరిలో ఉండుట మా భాగ్యము’ అని చేతులు జోడించినచో వాడు సిగ్గుతో కుంగిపోవును. దీనికి లజ్జాపూర్వక సత్కారము అని నామకరణము చేసితిని. ఇకపై మన పరిధిలో కోర్టు లేదు, లైసెన్సు రద్దు లేదు. తక్షణము అమలులోకి వచ్చును.”

సి.ఐ. జోగారావు గారు మెల్లిగా లేచారు. “చిన్న డౌటండి. మన జనానికి సన్మానమంటే సిగ్గేస్తుందాండీ?”

“నాకు సన్మానము చేసిన ప్రతిసారీ నేను సిగ్గుపడుచుందును,” అన్నారు త్రివిక్రమరావు గారు.

ఆయన పుట్టినరోజున కప్పిన శాలువా ఫోటోలో సరిగా పడలేదని మళ్లీ కప్పించుకోవడం అందరం చూశాం. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించాం.

బయటికొస్తే వరండాలో మంగాయమ్మ నిలబడి ఉంది. కాలవ వంతెన దగ్గర ఇడ్లీ బండి ఆవిడది. మొగుడు అబ్బులు సైకిల్ మీద పిండి రుబ్బించుకొస్తుంటే రైసుమిల్లు కొండబాబు గారి జీపు వెనకనుంచి గుద్దేసింది. పట్టపగలు. జీపులో ఉన్నదీ, నడిపిందీ, తాగిందీ కొండబాబు గారే. అబ్బులు కాలులో ఇనప రాడ్లు వేశారు. చంకలో కర్రలు పెట్టుకుంటే తప్ప నడవలేడు. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు, కొండబాబు గారికి కూడా తెలుసు.

“బాబుగారండీ,” అంది త్రివిక్రమరావు గారికి దణ్ణం పెట్టి. “నాకు ఇంకేమీ వద్దండి. ఆ జీపు తాళం లాగేసుకోండి. రోజూ తాగేసి అదే రోడ్డున తిరుగుతున్నాడండి. మా వరాలు అదే రోడ్డున బడికెళ్తాది. ఓ పక్క కాలవ, ఓ పక్క చేలు, పిల్ల ఎటు తప్పుకుంటాదండి?”

“అమ్మా, తాళము లాగుకొనుట భౌతిక చర్య,” అన్నారు ఆయన, కుర్చీ ప్రభావం ఇంకా దిగక. “మేము మానసిక చర్యకు మారితిమి. మీది చాలా పెద్ద కేసు. దానికి తగిన సత్కారము జరుగును. ఓపిక పట్టుడు.”

ఆవిడకి అర్థం కాక నావైపు చూసింది. “మంచే జరుగుద్దిలే తల్లీ,” అన్నాను. ఏదో ఒకటి అనాలిగా.

మొదటి సత్కారం ఆటో ముత్యాలుకి. పాపం, పోలీసులు ఇంటికొచ్చి ‘ఆదివారం పొద్దున్న వేదిక దగ్గరికి రా, సన్మానం’ అంటే వాడు నిజంగానే హడిలిపోయాడు. తల దువ్వుకోకుండా వచ్చాడు. రుమాలుతో మొహం కప్పుకున్నాడు. త్రివిక్రమరావు గారు నా చెవిలో, “చూశావా కామేశం, సిగ్గు!” అన్నారు మురిసిపోతూ. వేదిక మీద లేనప్పుడు ఆయన మాట ఎంత బాగుంటుందో.

చిక్కు ఎక్కడొచ్చిందంటే మావాళ్ల చేతికి మైకిస్తే తిట్టలేరు. ఇది మా ఊరి జబ్బు. రిటైర్డ్ హెడ్మాస్టరు శేషావతారం గారిని నాలుగు చివాట్లు గట్టిగా పెట్టమని పిలిచాం. ఆయన ఇంటి దగ్గర బాగానే తిట్లు రాసుకున్నారట. తీరా మైకు ముందుకొచ్చి, దండ చూసి, శాలువా చూసి, “ముత్యాలు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు” అని మొదలుపెట్టారు. ఇంకేముంది, వాడు ఆరో తరగతిలో బల్ల విరక్కొట్టిన సంగతి నాయకత్వ లక్షణం అయిపోయింది. అంత తాగినా సంత దగ్గర్నుంచి రైలుగేటు దాకా బండి పల్టీ కొట్టకుండా తెచ్చాడంటే అది చేతి నేర్పు కాదు, పూర్వజన్మ సుకృతం అన్నారు. జనం చప్పట్లు కొట్టారు.

నన్ననండి, నేను మాత్రం తక్కువా? సన్మానపత్రంలో ‘ఓరి తాగుబోతా’ అని మొదలెడదామని కూచున్నాను. అలవాటు పడ్డ చెయ్యి, ‘త్రిచక్ర రథసారథీ!’ అని పడింది. పడ్డాక కొట్టెయ్యబుద్ధి కాలేదు, బాగుంది మరి.

ముత్యాలు మొహం మీద రుమాలు ఎప్పుడు తీశాడో నేను చూళ్లేదు. శాలువా కప్పేవేళకి వాడు కాలరు సర్దుకుని ఫోటోకి ఎటు చూడాలని అడుగుతున్నాడు. వాడి పెళ్లాం కళ్లు తుడుచుకుంటూ, “మా పెళ్లికి కూడా ఇన్ని పూలు లేవండి,” అంది. సాయంత్రానికి వాళ్ల వీధి మొదట్లో ఫ్లెక్సీ లేచింది. చేతులు కట్టుకుని నల్లకళ్లద్దాలతో ముత్యాలు, కింద ‘సత్కార గ్రహీతకు శుభాకాంక్షలు, ఇట్లు మిత్రబృందం’.

“పథకము ప్రజలలోనికి వెళ్లినది,” అన్నారు త్రివిక్రమరావు గారు.

వెళ్లడమంటే మామూలుగా వెళ్లలేదు. అంతకుముందు పోలీసులు తాగారో లేదో ఊదించి చూసే గొట్టం పట్టుకుని నిలబడితే బళ్లు సందుల్లోకి మళ్లిపోయేవి. ఇప్పుడు గొట్టం ఎక్కడుందో కనుక్కుని మరీ వస్తున్నారు. ఊదినవాడి చుట్టూ మూగి, “ఎంతొచ్చిందిరా?” అని అడగడం, “కొద్దిలో పోయిందిరా” అంటే “పర్లేదు, వచ్చేవారం బాగా ప్రిపేరవ్వు” అని భుజం తట్టడం. ఒకాయన కొడుకుని వెంటబెట్టుకొచ్చి, “మావాడికి జలుబండి, అందుకే తక్కువ చూపిస్తోంది, ఇంకో ఛాన్సివ్వండి” అని జోగారావు గారి గెడ్డం పట్టుకున్నాడు. పెద్దపెద్దవాళ్ల దగ్గర్నుంచి సిఫార్సు ఫోన్లు. శాలువాలు అయిపోయి పక్క ఊరినుంచి తెప్పించాం.

ఓ రోజు శేషావతారం గారు నన్ను పక్కకి పిలిచారు. టీ కూడా తాగని మనిషి. పిల్లలకి చదువు చెప్పి చెప్పి గొంతు అరిగిపోయిన మనిషి. అటూ ఇటూ చూసి, “ఏమయ్యా కామేశం, అది పుల్లగా ఉంటుందా, చేదుగా ఉంటుందా?” అన్నారు.

“ఎందుకండీ మాస్టారూ?”

“ఏం లేదు. ఇన్నేళ్ల సర్వీసులో నన్నెవరూ వేదిక ఎక్కించి దండ వెయ్యలేదు. మాట్లాడ్డానికి పిలుస్తారు, మాట్లాడాక దిగిపొమ్మంటారు. మా అల్లుడి స్కూటరుంది.”

నాకూ ఆ ఆలోచన రాలేదని అబద్ధమాడను. కానీ నాకు సైకిలు కూడా తొక్కడం రాదు.

ఇదంతా చూసి జోగారావు గారు మళ్లీ మీటింగులో లేచారు. “సార్, ఎవడూ సిగ్గుపడట్లేదండి. తాగేవాళ్లు పెరిగారండి. కేసులు రాసుకోనివ్వండి.”

త్రివిక్రమరావు గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. “మోతాదు చాలలేదు,” అన్నారు. “నేరము ఎంత పెద్దదో సిగ్గు అంత పెద్దది కావలెను. అందరికీ ఒకే శాలువా కప్పుట మన పొరపాటు.”

దాంతో మెట్లు ఏర్పాటయ్యాయి. ఉత్త తాగి నడిపితే నూలు శాలువా. డివైడరుని గుద్దితే పట్టుశాలువా, జ్ఞాపిక. మేకనో గేదెనో గుద్దితే వాటికి తోడు బిరుదు. మనిషిని గుద్దితే ఇవన్నీ, ఆపైన మేళతాళాలతో ఊరేగింపు. తూరుపులంకలో ఈ ఆఖరి మెట్టుకి అర్హత ఉన్నవారు కొండబాబు గారు ఒక్కరే. ఆయన అప్పటికే ఒకటికి రెండుసార్లు కబురు పెట్టారు కూడా, ‘ఆటోవాళ్లకి చేస్తున్నారు, నేను కనబళ్లేదా’ అని.

ఆ వారమే మంగాయమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి దణ్ణం పెట్టలేదు. పక్కన వరాలు, యూనిఫాం నిండా బురద, పుస్తకాల సంచిలోంచి నీళ్లు కారుతున్నాయి. కొండబాబు గారి జీపు మీదకొస్తుంటే పిల్ల కాలవలోకి దూకిందట. ఎవరో జుట్టు పట్టుకుని పైకి లాగారట.

“పోయుండేదండి,” అంది మంగాయమ్మ. “నా పిల్ల పోయుండేదండి ఇవాళ. మా ఆయన కాలు తీశాడు, పిల్లని కూడా తీసేస్తేగాని తాళం లాక్కోరాండి మీరు?”

త్రివిక్రమరావు గారు లేచి నిలబడ్డారు. “ద్వితీయ అపరాధము! అమ్మా, ఇక ఆలస్యము లేదు. ఈ ఆదివారమే మహాసత్కారము. శాలువా కప్పునది మీరే. బాధితురాలి చేతులమీదుగా శాలువా పడినచో కొండబాబు అంతరంగము బద్దలగును. సిగ్గుతో తనంతట తానే తాళము తెచ్చి మీ చేతిలో పెట్టును.”

“తాళం ఇస్తాడాండీ?” అంది ఆవిడ.

“శాస్త్రీయముగా నిరూపితమైనది.”

ఆవిడ కొంగుతో పిల్ల తల తుడిచింది. తర్వాత, “ఇస్తానంటే వస్తానండి,” అంది.

ఏర్పాట్లు నేను ఇంతకుముందు ఏ సభకీ చూడనంత ఘనంగా జరిగాయి. కాలవ వంతెన దగ్గర వేదిక, రోడ్డు మొగలో వెదురు గడలు, రంగు గుడ్డలతో స్వాగత ద్వారం. త్రివిక్రమరావు గారు ప్రతి చిన్న విషయం ఆలోచించారు. గ్రహీత మామూలుగా వస్తే ప్రజలకి నేరం ఎలా బోధపడుతుంది? కాబట్టి నేరం జరిగిననాడు ఏ స్థితిలో ఉన్నారో ఆ స్థితిలోనే రావాలి. ఊరేగింపు వేరే బండిలో పెడితే ఏం లాభం? నేరం జరిగిన జీపులోనే జరగాలి. నడిపేవాడు వేరొకడైతే సిగ్గు వాడికి పోతుంది, కాబట్టి గ్రహీతే నడపాలి. జోగారావు గారు ఆదివారం పొద్దున్నే మందుషాపు తెరిపించి తిరిగొచ్చి, వేదిక వెనక కుర్చీ వేసుకుని కూచున్నారు.

కొండబాబు గారు ఇద్దరి భుజాల మీద చేతులేసుకుని వచ్చారు. వేదిక మీదే గొట్టం ఊదించాం. అంకె నేను మైకులో చదివితే ఊరు దద్దరిల్లిపోయింది. అలాంటి అంకె మా వేదిక మీద అంతకుముందు రాలేదు. శేషావతారం గారు మాట్లాడారు. నేను ‘పథికజన హృదయకంపన’ అనే బిరుదు చదివాను. చప్పట్లు.

మంగాయమ్మని పిలిచాం. అబ్బులు రోడ్డు మీద కుర్చీలో కూచున్నాడు, చంకకర్రలు ఒళ్లో పెట్టుకుని. పక్కన వరాలు. మంగాయమ్మ మెట్లెక్కి, శాలువా కప్పి, చెయ్యి చాపి నిలబడింది.

కొండబాబు గారు ఆ చేతికేసి చూశారు. ఆయనకి కళ్లనీళ్లు తిరిగాయి. తన మెళ్లో దండ తీసి ఆ చేతిలో పెట్టారు. “నా చెల్లెల్లాంటిది,” అన్నారు మైకులో. “దీని కోసం ఏమన్నా చేస్తాను నేను.”

చప్పట్లు ఆగలేదు. మంగాయమ్మ మైకు దగ్గరికొచ్చింది. “దండొద్దు బాబూ. తాళం ఇవ్వండి. మా ఆయన కాలెలాగూ రాదు. నా పిల్ల బతకాలి. తాళం ఇవ్వండి.”

చప్పట్లు ఇంకా ఎక్కువయ్యాయి. మావాళ్లకి మైకులో ఏం వినబడినా కొట్టడం అలవాటు. “ఎంతటి హృదయస్పర్శి అయిన స్పందన!” అన్నాను నేను. నోరు అలవాటు, ఏం చెయ్యను? అన్నాక నామీద నాకే ఒళ్లు మండింది.

కొండబాబు గారిని జీపెక్కించారు. మేళం మొదలైంది. త్రివిక్రమరావు గారి సైగ చూసి, “గ్రహీత గారు బయల్దేరుతున్నారు, దయచేసి రోడ్డు మీద ఎవరూ ఉండొద్దు” అని ప్రకటించాను. చెప్పక్కర్లేకపోయింది. ఇంజను చప్పుడు వినగానే మేళంవాళ్లు డోళ్లతో సహా చేలో దూకారు. జనం దూకారు. శేషావతారం గారు పంచె ఎగ్గట్టి దూకారు. మైకు వదిలేసి నేనూ దూకాను. రహదారి భద్రతా సంఘం అధ్యక్షులు, కార్యవర్గం, యావన్మందీ వరిచేలో మోకాలి లోతు బురదలో నిలబడి చప్పట్లు కొడుతున్నాం.

రోడ్డు మీద అబ్బులు, వరాలు మాత్రమే మిగిలారు. కర్రలు కింద పడిపోయాయి. వరాలు వాటిని అందుకోబోతోంది.

జీపు ముందు కుడికి పోయింది, తర్వాత ఎడమకి పోయింది, స్వాగత ద్వారం గడని గుద్ది, గుడ్డలన్నీ మీద వేసుకుని ఆగిపోయింది. పిల్లకీ జీపుకీ మధ్య మనిషి పట్టేంత చోటుంది. కొండబాబు గారు మళ్లీ తాళం తిప్పుతున్నారు. ఇంజను దగ్గుతోంది.

మంగాయమ్మ వేదిక మీంచి ఎలా దిగిందో, ఎలా పరిగెత్తిందో తెలీదు. ఆ గుడ్డల్లోంచి చెయ్యి లోపలికి పెట్టి తాళం ఊడబెరికింది. తిరిగి చూడకుండా కాలవలోకి విసిరేసింది.

చప్పట్లు ఆగిపోయాయి.

“అడ్డుకొనుడు!” అన్నారు త్రివిక్రమరావు గారు బురదలోంచి. “అధికారిక ఊరేగింపునకు భంగము. పరుల ఆస్తి ధ్వంసము. జోగారావు, ఏమి చూచుచున్నావు?”

జోగారావు గారు వేదిక వెనకనుంచి వచ్చారు. ఆవిడ పక్కన నిలబడి, “సార్, ఒక్క దారుందండి,” అన్నారు. “ఈవిడకి కూడా సత్కారమే చేసేద్దామండి. శిక్షలు లేవన్నారు కదా తమరు.”

త్రివిక్రమరావు గారు న్యాయమైన మనిషి. ఆలోచించారు. “ఊదించుడు,” అన్నారు.

మంగాయమ్మ ఊదింది. సున్నా.

“సున్నాకు మన వద్ద పథకము లేదు,” అన్నారు త్రివిక్రమరావు గారు. నిజంగానే బాధపడ్డారు, మొహంలో కనిపించింది. “తాగి చేసియుండినచో పరివర్తనకు అవకాశముండెడిది. తెలివిలో ఉండి చేసినది. కోర్టుకు పంపుడు.”

మా పథకం మొదలయ్యాక శిక్షకి వెళ్లిన మొదటి మనిషి ఆవిడే. పోలీసు బండి ఎక్కిస్తుంటే జనం దారిచ్చారు. ఎవరో చప్పట్లు కొట్టబోయి నలుగురూ చూసేసరికి మానేశారు. నాకు ఏడుపొచ్చింది. నేను సిగ్గుపడ్డాను. ఆ పథకం కింద సిగ్గుపడ్డవాడు ఇంకొకడు ఉన్నాడేమో నాకు తెలీదు. కొండబాబు గారు మాత్రం జీపులోనే కూచుని, మారుతాళం తెమ్మని మనిషిని మోటార్ సైకిల్ మీద మిల్లుకి పంపారు.

మంగాయమ్మ బండిలోంచి తల బయటికి పెట్టింది. “ఏడవకే వరాలూ. నాన్నకి కర్రలందియ్యి. రోడ్డు మీదే నడవండి, పర్లేదు. మారుతాళం వచ్చేలోపల ఇంటికెళ్లిపోండి.”